బడికి ఫీజెంతని అడుగుతాం, ఈ సంగతి మాత్రం అడగం

జూన్ నెల వచ్చిందంటే ఊళ్లలోకి పసుపు పచ్చ వ్యానులు దిగుతాయి. రచ్చబండ దగ్గర కరపత్రాలు పంచుతారు. అరుగు మీద కూర్చున్న తండ్రి ఫీజెంత అంటాడు. తల్లి వ్యాను ఇంటి ముందే ఆగుతుందా అంటుంది. ఇంగ్లీషు మీడియమేనా, బూట్లు, టై మీరే ఇస్తారా, నిరుడు పదో తరగతిలో ఎంతమందికి 500 దాటాయి... అన్నీ అడుగుతారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు. పిల్ల ఈడేరితే ఏం జరిగిందో విడమరచి చెప్పే టీచరమ్మ ఆ బడిలో ఉందా? ఎవరైనా ఒంటి మీద తప్పుగా చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో బిడ్డకు అక్కడ నేర్పుతారా?

ఈ ప్రశ్న అడగడానికి మనకు సిగ్గు. బడివారికి భయం. ఈ సిగ్గుకు, భయానికి మధ్య పిల్లలు నలిగిపోతున్నారు. ఒంగోలు నుంచి యర్రగొండపాలెం దాకా ఏ ఊరు చూసినా పరిస్థితి ఇదే.

పందిరి వేస్తాం, పాఠం చెప్పం

మన ఊళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే దాచిపెట్టే సంగతి కాదు. పందిరి వేస్తారు, మేనమామ చీర తెస్తాడు, మైకు పెట్టి ఊరంతటికీ భోజనాలు పెడతారు. కాని పీట మీద కూర్చున్న పిల్లకు ఒంట్లో ఏమయిందో, వచ్చే నెల మళ్లీ ఎందుకు వస్తుందో, గుడ్డలు ఎలా శుభ్రం చేసుకోవాలో చెప్పేవారు తక్కువ. ఆవు ఎదకు వచ్చిందని పిల్లల ముందే మాట్లాడుకుని పశువుల ఆసుపత్రికి తోలుకుపోయే రైతు, సొంత బిడ్డ దగ్గర నోరు విప్పలేకపోతున్నాడు.

మగపిల్లల సంగతి మరీ అన్యాయం. వాళ్లకు పందిరీ లేదు, పాఠమూ లేదు. గొంతు మారుతుంది, నూనూగు మీసాలు వస్తాయి. రాత్రిపూట జరిగేది రోగమేమోనని దిగులు పడి, బస్టాండు గోడల మీద ప్రకటనలు చూసి దొంగ వైద్యుల పాలబడే కుర్రాళ్లు ఈనాటికీ ఉన్నారు.

మనం చెప్పకపోతే వాళ్లకు తెలియదా? తెలుస్తుంది. అయితే ఎక్కడి నుంచి తెలుస్తుందన్నదే ప్రశ్న. పల్లెటూళ్లలో జరిగే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోను వాడినవారు నూటికి 57 మంది, వాట్సప్, ఫేస్‌బుక్ వంటి వాటికి వాడినవారు 76 మంది. తల్లి చెప్పలేనిది, మాస్టారు దాటవేసినది ఫోను చెబుతోంది. అది చూపే బొమ్మల్లో గౌరవం ఉండదు, మంచి చెడ్డ ఉండదు, ఎదుటి మనిషి ఇష్టంతో పని ఉండదు.

భయం ఎక్కడ మొదలయింది

2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం తలపెట్టాయి. అప్పట్లో ఎయిడ్స్ భయం దేశమంతటా ఉంది. ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఉపాధ్యాయుల కోసం అచ్చువేసిన పుస్తకాల్లో కొన్ని బొమ్మలు, కొన్ని మాటలు మరీ బాహాటంగా ఉన్నాయని 2007లో గొడవ లేచింది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఆ కార్యక్రమాన్ని నిలిపివేశాయి. విషయం పార్లమెంటుకు చేరింది. మన నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ అర్జీల కమిటీ విచారణ జరిపి, బడుల్లో లైంగిక విద్య వద్దని 2009లో నివేదిక ఇచ్చింది.

ఆ అభ్యంతరాలన్నీ కొట్టిపారెయ్యదగ్గవి కావు. ఏ వయసుకు ఏది చెప్పాలో చూసుకోకుండా పుస్తకం పంపితే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. వారిని పిలిచి చూపించి, ఒప్పించి మొదలుపెట్టవలసిన పనిని పై నుంచి దింపారు. తప్పు అక్కడ జరిగింది. అయితే పుస్తకంలో తప్పు ఉంటే పుస్తకం దిద్దుకోవాలి గాని చదువే మానెయ్యడం ఏం న్యాయం? జార్ఖండ్ రాష్ట్రం ఆ పనే చేసింది. పక్క రాష్ట్రాలు వద్దన్న రోజుల్లోనే అక్కడ ‘ఉడాన్’ పేరుతో తమ పిల్లలకు తగినట్టు పాఠాలు తయారు చేసుకుని గవర్నమెంటు బడుల్లో చెబుతూ వచ్చారు. 2024 సెప్టెంబరులో ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని ప్రస్తావించింది కూడా.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు మరో మాట అన్నది. తొమ్మిదో తరగతి దాకా ఆగడం కాదు, అంతకన్నా చిన్న వయసు నుంచే ఈ చదువు చెప్పాలన్నది. ఆ ధర్మాసనంలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు తెలుగువారైన జస్టిస్ సంజయ్ కుమార్. ఇరవై ఏళ్ల క్రితం వద్దన్నచోటే ఇప్పుడు కావాలన్న మాట వినిపిస్తోంది.

ఏ వయసుకు ఏది

లైంగిక విద్య అనగానే చాలామందికి కాపురం చెయ్యడం నేర్పుతారనే తలపు వస్తుంది. అందుకే మండిపడతారు. అసలు అందులో ఉండేది వేరు. అంగన్‌వాడీ, ఒకటో తరగతి పిల్లలకు ఒంటి భాగాల పేర్లు, ఏ చోట ఎవరూ ముట్టుకోకూడదో, ముట్టుకుంటే గట్టిగా అరిచి అమ్మతోనో టీచరుతోనో చెప్పాలనీ నేర్పుతారు. నాలుగు, ఐదు తరగతుల్లో ఒంట్లో రాబోయే మార్పులు ముందుగా చెబుతారు. ముందుగా అన్నది ముఖ్యం. ముట్టు వచ్చాక చెబితే ఆ పిల్ల అప్పటికే నెత్తురు చూసి హడలిపోయి ఉంటుంది. హైస్కూల్లో గర్భం ఎలా వస్తుంది, ఎయిడ్స్ ఎలా సోకుతుంది, పద్ధెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే ఏమవుతుంది, వద్దన్న మాటకు విలువ ఏమిటి అన్నవి వస్తాయి.

ఇలా చెబితే పిల్లలు చెడిపోతారా? యునెస్కో సంస్థ పలు దేశాల పరిశోధనలు పరిశీలించి 2018లో వెలువరించిన మార్గదర్శక గ్రంథం, ఈ చదువు వల్ల పిల్లలు ముందుగా తప్పుదారి పట్టడం కనపడలేదని తేల్చింది. తెలిసిన పిల్ల తొందరపడదు, తెలియని పిల్లే మోసపోతుంది.

ఇదేమీ కొత్తగా తెచ్చిపెట్టేది కాదు. ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు పుస్తకాల్లో కౌమార దశ పాఠం ఉంటుంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో గవర్నమెంటు బడులకు 11 అంశాలు పెట్టారు. పెరిగే వయసు ఆరోగ్యం, ఎయిడ్స్ నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్టు జాగ్రత్తలు అన్నీ అందులో ఉన్నాయి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులు, వీలయితే ఒక పంతులుగారు, ఒక టీచరమ్మ, తర్ఫీదు పొంది వారానికి ఒక గంట చెప్పాలి.

కాగితం మీద కొరత లేదు. కొరత తరగతి గదిలోనే. ఆ పాఠం రాగానే ‘ఇది మీరే చదువుకోండి, పరీక్షలో పెద్దగా రాదు’ అని పేజీలు తిప్పేసే మాస్టార్లు ఏ బడిలోనైనా కనిపిస్తారు. ఆడపిల్లలు తల వంచుకుంటారు, మగపిల్లలు వెనక బెంచీల్లో నవ్వుకుంటారు. పాఠం అక్కడితో సరి.

ఫీజు కడితే కాపలా ఉన్నట్టేనా?

బడి ఎంపికలో ఇక్కడే మనకొక పెద్ద అపోహ ఉంది. డబ్బు కట్టిన బడి అయితే క్రమశిక్షణ ఉంటుంది, గేటు ఉంటుంది, కెమెరా ఉంటుంది, కాబట్టి బిడ్డ క్షేమమని అనుకుంటున్నాం. గవర్నమెంటు బడి అయితే ఎవరూ పట్టించుకోరని అనుకుంటున్నాం. రెండూ పూర్తి నిజాలు కావు.

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగి ఒక అధ్యయనం ప్రకటించింది. సగానికి పైగా, అంటే నూటికి 53 మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువ నమోదయిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకంగా మెలిగేవారు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోని పిల్లలే ఎక్కువ. మగపిల్లలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. గేటు బయటివాడిని ఆపుతుంది. లోపలివాడిని ఆపేది బిడ్డ నోట్లో ఉన్న మాట ఒక్కటే.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక పేరున్న ప్రైవేటు బడిలో జరిగిన దారుణం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ చిన్నపిల్ల మీద అఘాయిత్యం చేసినవాడు ప్రిన్సిపాలుగారి కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఈ మధ్యలో బడి గుర్తింపు రద్దు చెయ్యాలని ప్రభుత్వం ఆదేశించింది. మిగతా పిల్లల చదువు ఏం కావాలని తల్లిదండ్రులు మొరపెట్టుకోగా ఆ ఏడాదికి మళ్లీ తెరవనిచ్చారు. ఫీజు కట్టి ఎంచుకున్న తల్లిదండ్రులకు చివరకు మిగిలిన ఎంపిక అది.

అంతమాత్రాన ప్రైవేటు బడులన్నీ చెడ్డవనీ కాదు, గవర్నమెంటు బడులన్నీ మంచివనీ కాదు. తప్పు చేసిన వార్తలు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. బోర్డు చూసి భద్రత అంచనా వెయ్యలేమన్నదే ఇక్కడ తెలుసుకోవలసింది.

చట్టం ఏమంటోంది

2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా రక్షణ ఇస్తుంది. దాని కింద 2020లో వచ్చిన నిబంధనలు ప్రతి బడీ, గవర్నమెంటుదైనా ప్రైవేటుదైనా, తన సిబ్బంది అందరి పూర్వాపరాలు పోలీసుల ద్వారా విచారించి ఉండాలని చెబుతున్నాయి. పాఠం చెప్పేవారే కాదు, ఆయా, వాచ్‌మన్, కాంట్రాక్టు మీద పనిచేసేవారు కూడా అందులోకి వస్తారు. ఒంటి రక్షణ గురించి వయసుకు తగిన పాఠాలు ప్రభుత్వాలు తయారు చెయ్యాలని ఆ నిబంధనలే అంటున్నాయి. అంటే ఈ చదువు ఎవరో ఇచ్చే ధర్మం కాదు, పిల్లల హక్కు.

నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. సంస్థ పెద్దలే దాచిపెడితే ఏడాది దాకా పడవచ్చు. ఊరి పెద్దలు ఈ మాట శ్రద్ధగా వినాలి. ‘పిల్ల పరువు పోతుంది, ఇంత సొమ్ము ఇప్పిస్తాం, సర్దుకోండి’ అనే పంచాయితీ చట్టం ముందు నిలవదు. ఫిర్యాదు ఇస్తే బిడ్డను స్టేషనుకు ఈడ్చుకుపోతారన్న భయమూ అక్కరలేదు. సాధ్యమైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫారం లేకుండా ఇంటికే వచ్చి చెప్పింది రాసుకోవాలి. బిడ్డ పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు.

మగపిల్లలున్న ఇళ్లవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. 18 నిండని పిల్ల ఇష్టపడి వచ్చిందన్న మాట ఈ చట్టం ముందు చెల్లదు. పదిహేడేళ్ల పిల్లను తీసుకుని వెళ్లిపోయిన పందొమ్మిదేళ్ల కుర్రాడు, నేరం రుజువైతే కనీసం పదేళ్ల శిక్షకు గురి కావచ్చు. పెద్దలే దగ్గరుండి పెళ్లి చేశారన్నా తప్పించుకోలేడు. 18 లోపు భార్యతో కాపురం కూడా నేరమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సంగతి ఎన్ని జూనియర్ కాలేజీల్లో కుర్రాళ్లకు చెబుతున్నారు? జైలు గేటు దగ్గర తెలుసుకునే పాఠం కాదిది.

చెప్పకపోవడానికి మూల్యం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23. మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల పిల్లల్లో నూటికి దాదాపు 13 మంది సర్వే నాటికే తల్లులయినవారు, లేదా కడుపుతో ఉన్నవారు. దేశం లెక్క 7 కూడా లేదు. మనం వెనకబడి ఉన్నది మార్కుల్లో కాదు, ఇక్కడ.

పడమటి మండలాల వారికి ఇందుకు కారణం వేరే చెప్పక్కరలేదు. వానలు లేక మిరపకోతలకు గుంటూరు వైపు, మట్టిపనికి హైదరాబాదుకు మూటాముల్లె సర్దుకునేటప్పుడు ఈడొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి అన్నది తల్లికి గుండెల మీద కుంపటి. ‘ఏదన్నా అయితే?’ అన్న భయంతో తొమ్మిదో తరగతి పిల్లకు ముహూర్తం పెట్టేస్తారు. పేదరికం, వలస ఒక్క పాఠంతో తీరేవి కావు. కాని ఆ భయంలో సగం మన మౌనంలోంచి పుట్టిందే. ఏది ప్రమాదమో, ఎలా తప్పుకోవాలో, ఎవరికి చెప్పాలో తెలిసిన పిల్లను కస్తూర్బా బడిలోనో హాస్టల్లోనో ధైర్యంగా వదలవచ్చు. ఏమీ తెలియని పిల్లను సొంత ఇంట్లో వదలాలన్నా భయమే.

కొడుకును వ్యాను ఎక్కించి టౌనుకు పంపి, కూతుర్ని ఊరి బడికి నడిపించే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. 2025లో వచ్చిన తల్లికి వందనం సొమ్ము ఏ బడిలో చదివే బిడ్డకైనా తల్లి ఖాతాలోనే పడింది. అంటే ఎంచుకునే చెయ్యి తల్లిదే కావాలి. పిల్ల ఒంటి కష్టం తెలిసిన మనిషీ తల్లే. ఈ ప్రశ్న అడగవలసింది మొదట ఆమే.

ఇవి అడగండి

కరపత్రం పుచ్చుకుని వచ్చిన వారినైనా, ఊరి హెడ్‌మాస్టరునైనా ఈ ఆరు సంగతులు నిలదీయవచ్చు.

1. కౌమార దశ, ప్రత్యుత్పత్తి పాఠాలు తరగతిలో చెబుతున్నారా, వదిలేస్తున్నారా? ఎవరు చెబుతారు?

2. చిన్న తరగతుల్లో మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి ఏడాదికి ఎన్నిసార్లు చెబుతారు? మగపిల్లలకు కూడా చెబుతారా?

3. వ్యాను డ్రైవరుతో సహా సిబ్బందికి పోలీసు విచారణ జరిగిందా? కాగితం చూపిస్తారా?

4. ఆడపిల్లలకు తలుపు గడియ పడే, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి ఉందా? నెలసరి సమయంలో అవసరమయినవి ఇచ్చే టీచరమ్మ ఎవరు?

5. బిడ్డ ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? 1098 నెంబరు గోడ మీద రాసి ఉందా?

6. ఏం చెబుతారో ఆ పుస్తకం తల్లిదండ్రులకు ముందుగా చూపిస్తారా?

గవర్నమెంటు, ఎయిడెడ్ బడుల్లో ఇవి అడగడానికి వేదిక ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలి. ఇప్పుడా కమిటీలు మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్కకు, సంతకాలకు పరిమితమవుతున్నాయి. 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ఆ తర్వాతా జరుగుతున్నాయి. ముగ్గుల పోటీలతో, ఫోటోలతో సరిపెట్టకుండా అరగంట ఈ విషయానికి కేటాయిస్తే ఖర్చు పైసా లేదు. ఎయిడు లేని ప్రైవేటు బడులకు ఆ కమిటీ నిబంధన వర్తించదు. అక్కడ అడిగే బలం ఫీజు కట్టే చేతికే ఉంది. చేరకముందు అడిగితేనే ఆ బలం పనిచేస్తుంది.

అధికారులు చెయ్యవలసిందీ ఉంది. తర్ఫీదు పొందిన ఉపాధ్యాయుల పేర్లు బడి బోర్డు మీద రాయించాలి. టీచరమ్మ లేని హైస్కూలుకు నెలకోసారి ఏఎన్ఎం‌ను పంపాలి. తనిఖీకి వచ్చినప్పుడు హాజరు పట్టీతో పాటు ఈ పాఠం జరిగిందా అని పిల్లలనే అడగాలి. ప్రైవేటు బడి గుర్తింపు పొడిగించేటప్పుడు సిబ్బంది విచారణ కాగితాలు చూడకుండా సంతకం పెట్టరాదు.

ఇంట్లో మొదలుపెట్టడానికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. ‘ఎవరేం చేసినా నాతో చెప్పు, నిన్ను తిట్టను, కొట్టను’ అని ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు బిడ్డతో ఒక్క మాట అంటే చాలు. రేపు బడి అరుగు మీద మిగతా ప్రశ్నలు అడగడానికి నోరు అదే వస్తుంది.